వెనక నట్టు మీద పసుపు గీత

జూలై 2, బుధవారం

పొద్దున షట్టరు ఎత్తగానే ఎదురుగా బండి ఒక్కటే కనిపించింది, మనిషి లేదు. ఎవరో వదిలేసి పోయారనుకున్నాను. అంతలో సీటు అవతల నుంచి "ఏమ్మా, తెరిచినట్టేనా?" అని గొంతు వినిపించింది. వంగి చూస్తే ఒకావిడ. బండి ఆవిణ్ని పూర్తిగా దాచేసింది.

పేరు ఒబాతా సెత్సుకో. అరవై మూడేళ్లు. నా భుజం దాకా వస్తారు, నేనే పొట్టిదాన్ని. బండేమో నాలుగొందల సీసీ అడ్వెంచర్ బండి. తారు రోడ్డు మీదా రాళ్లదారి మీదా ఒకేలా పోయే రకం. ఎత్తు సీటు, పొడుగు కాళ్లు. ఒకరి దగ్గర పాతది కొన్నారట. కొన్నచోటి నుంచి మూడు కిలోమీటర్లు ఎక్కకుండా నెట్టుకుంటూ వచ్చారు.

మా మేస్త్రి నికైదో గారు బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఎక్కి కూర్చోండి, చూద్దాం" అన్నారు. కూర్చున్నారు. రెండు కాళ్లూ గాల్లోనే. బండి పడకుండా ఒక పక్క నేను, ఒక పక్క సుగె అన్న పట్టుకున్నాం. సుగె అన్న షాపులో నాకంటే పన్నెండేళ్లు సీనియరు. నవ్వు ఆపుకోవడం మాత్రం ఇంకా నేర్చుకోలేదు.

"అమ్మా, దీనికి నిచ్చెన కూడా బిగించమంటారా?" అన్నాడు.

"నిచ్చెన ఎందుకు నాయనా, నువ్వు పక్కన వంగి నించుంటే చాలదూ?" అన్నారావిడ.

మేస్త్రి గారు నవ్వడం ఈ నెల రోజుల్లో ఇదే మొదటిసారి.

ముప్ఫై నాలుగేళ్లు పోస్టాఫీసు ఎర్ర బండి మీద కొండ ఊళ్లకి ఉత్తరాలు పంచారట. తన హద్దు ఎక్కడ అయిపోతుందో అక్కడొక రాయి ఉండేదట. "రోజూ ఆ రాయి దగ్గర బండి తిప్పుకుని వెనక్కి వచ్చేదాన్ని. దాని అవతల దారి ఎట్లా ఉంటుందో ముప్ఫై నాలుగేళ్లు చూళ్లేదు. ఇప్పుడు ఉత్తరాన హొక్కైదో దీవికి పోతా. నున్నటి రోడ్డు కోసం కాదు, అడివిలో రాళ్లదారి కోసం. నా కాళ్లు నేలకి తగిలేట్టు చెయ్యండి, మిగతాది నేను చూసుకుంటా."

మేస్త్రి గారు నావైపు చూశారు. "ఈ బండి హోనామి చేస్తుంది. ఒక్కతే."

ఆవిడ వెళ్లాక గోడ చూపించారు. మూడు మేకులు. మొదటిదానికి మేస్త్రి గారి పని చొక్కా, రెండోదానికి సుగె అన్నది, మూడోదానికి ఎవరిదో పాత గొడుగు. "ఈ బండి ఆగస్టులో క్షేమంగా తిరిగొస్తే, నీ చదువవగానే ఆ మేకు నీది."

మెకానిక్ స్కూల్లో వాళ్లు రాయమన్న పని డైరీ వేరే ఉంది. ఇది నాకోసం. ఇందులో నట్లే కాదు, మాటలు కూడా రాసుకుంటాను. ఇవాళ దొరికిన మాట: హద్దురాయి.


జూలై 5, శనివారం

సామాన్లు వచ్చాయి. అట్టపెట్టెలు విప్పుతుంటే పండగలా ఉంది. ఇంజను పొట్ట కింద కట్టే అల్యూమినియం పలక, చేతులకి గార్డులు, వేడెక్కే గ్రిప్పులు, రెండు పక్కలా పెట్టెలు. అన్నిటికన్నా చిన్న పొట్లంలో అన్నిటికన్నా ముఖ్యమైనది, వెనక చక్రానికీ స్ప్రింగుకీ మధ్య ఉండే లింకు. అసలుదానికన్నా రవ్వంత పొడుగు. అది మారిస్తే బండి వెనక భాగం నాలుగు సెంటీమీటర్లు కూర్చుంటుంది. సీటు స్పాంజి కోయిస్తే ఇంకో మూడు.

మేస్త్రి గారి పద్ధతి నాకు చాలా ఇష్టం, అది వాక్యంలా ఉంటుంది కాబట్టి. నట్టు రెండుసార్లు బిగిస్తారు. మొదటిది మామూలు స్పానరుతో, చేతి అంచనాతో. దాన్ని ఉత్తుత్తి బిగింపు అంటారు. తర్వాత బండిని చక్రాల మీదకి దించి, బరువంతా పడ్డాక, ఎంత బలంతో బిగించాలో అంకె పెట్టుకునే టార్క్ రెంచితో, అది 'టక్' అనేదాకా తిప్పాలి. అది అసలు బిగింపు. అప్పుడు పసుపు పెయింటు పెన్నుతో నట్టు మీదుగా పక్కనున్న ఇనుము మీదకి ఒక గీత. నట్టు వెంట్రుకవాసి కదిలినా గీత విరుగుతుంది. ఆఖర్న వేలు పెట్టి చూపించి, గొంతెత్తి "సరే!" అనాలి. రైలు డ్రైవర్లు సిగ్నల్ చూసి అన్నట్టు.

నేను గొణిగాను.

"ఎవరికి చెప్తున్నావ్, నట్టుకా? నీ చెవికి వినపడాలి."

"సరే!" అని అరిచాను. రోడ్డు మీద పోయే ముసలాయన ఆగి చూశాడు. సుగె అన్న, "ఆయనకి కూడా బిగిసిపోయింది" అన్నాడు.

మేస్త్రి గారు నవ్వలేదు. "గీత ఉన్నచోట నేను మళ్లీ రెంచి పెట్టను. గీత చూస్తాను, అంతే. గీత అంటే మాట."

దీన్ని పెద్దక్షరాలతో రాసుకున్నాను. గీత అంటే మాట.


జూలై 9, బుధవారం

బండి కిందికి దిగింది కదా, సైడ్ స్టాండు మాత్రం పాత పొడుగే. వాల్చకుండా నిటారుగా నిలబెట్టేస్తోంది, గట్టి గాలికి అవతలికి పడిపోతుంది. రెండున్నర సెంటీమీటర్లు కోశాను, సుగె అన్న వెల్డింగు పెట్టాడు. వెనక దించితే ముందు లైటు ఆకాశం చూస్తుంది, దాన్నీ సవరించాను. ఒకటి మారిస్తే ఇంకో నాలుగు మారాలి. కథలో ఒక మాట మార్చినా ఇంతే అనుకుంటా.

సాయంత్రం ఒబాతా గారు వచ్చి కూర్చున్నారు. పాదాల ముందు భాగం నేలకి ఆనింది. వంగి తన బూట్లకేసి చూసుకున్నారు. తర్వాత, "ఆనింది" అన్నారు. అంతే. నాకు ఏడుపొచ్చింది, ఎందుకో తెలీదు.


జూలై 11, శుక్రవారం

ఇవాళ నా జీవితంలో మంచి రోజు. మొత్తం రాయాలి.

సాయంత్రం నుంచి వానన్నారని ఒబాతా గారు గంట ముందే వచ్చేశారు. నేనింకా బండి కింద పడుకుని ఉన్నాను. లింకు పై నట్లకి అసలు బిగింపు అయిపోయి, ఆఖరిదైన ఎడమవైపు కింది నట్టు దగ్గరున్నాను. ఆవిడ చేతిలో వెదురాకుల్లో చుట్టిన పచ్చటి బియ్యప్పిండి ఉండలు. వాళ్ల ఊరి ఆకులట, మన దగ్గర దొరికే వాటికన్నా వాసన ఎక్కువ. ఆకు విప్పుతుంటే వానకి తడిసిన పొలం వాసన. లోపల ఎర్ర చిక్కుళ్ల తీపి ముద్ద ఇంకా గోరువెచ్చగా ఉంది. మూడు తిన్నాను. "తిను తిను, నేల నీకు ముందే అందుతుంది, ఇంకా పొడుగు పెరిగినా నష్టం లేదు" అన్నారు.

తింటూ ఉత్తరాల కబుర్లు. అడ్రసు సరిగా లేక, తిరిగి పంపడానికి పంపినవాళ్ల పేరూ లేక మిగిలిపోయే ఉత్తరాలు కొన్ని ఉంటాయి కదా. పోస్టాఫీసులో వాటిని 'తప్పిపోయిన పిల్లలు' అనేవాళ్లట. "సాయంత్రం అయ్యేసరికి ఒకటో రెండో పిల్లలు మిగిలేవి. ఇంటికి పోబుద్దయ్యేది కాదు" అన్నారు.

ఆ మాట విని నేను ఆగలేకపోయాను. డైరీ లోపల గదిలో ఉంది. చేతికి అందింది పెయింటు పెన్ను. అరచేతి మీదే రాసేసుకున్నాను: తప్పిపోయిన పిల్లలు. పసుపు అక్షరాలు, తళతళా. ఆవిడ పగలబడి నవ్వారు. "నువ్వు మెకానిక్కువా, ఉత్తరం కాగితానివా?"

చివరి నట్టు మీద గీత ఎంత తిన్నగా వచ్చిందంటే, ఆ మాట రాసిన ఊపులోనే చెయ్యి ఒక్కసారి జారినట్టు, సన్నగా మొదలై సన్నగా ముగిసింది. అలాంటి గీత మళ్లీ రాదు. ఆవిడ చూస్తున్నారు కాబట్టి సిగ్గేసి, "సరే" మనసులోనే అనుకున్నాను.

మేస్త్రి గారు టార్చి పట్టుకుని వచ్చారు. గీతలన్నీ వరసగా చూశారు. లేచి, గోడ దగ్గరికి పోయి, మూడో మేకు నుంచి గొడుగు తీసి మూల పెట్టారు. మేకు ఖాళీగా ఉంది ఇప్పుడు!

ఒబాతా గారు ఫోను పెట్టెలో పడేశారు, ఆపేసి. "కింద పడితేనే తీస్తా. లేదంటే రోజుకో కార్డు రాస్తా. ముప్ఫై నాలుగేళ్లు ఊళ్లో వాళ్ల ఉత్తరాలు మోశాను, ఇప్పుడు నావి ఎవరన్నా మొయ్యాలి." ప్రతి ఊళ్లోనూ పోస్టాఫీసు కౌంటరు దగ్గర ఆ ఊరి బొమ్మ ఉన్న ముద్ర వేయించుకుంటారట. కొండో, దీపస్తంభమో, చేపో. అది కౌంటరు తెరిచి ఉంటేనే. ముద్ర లేకుండా ఏ ఊరూ దాటనని ఒట్టట.

తొలి చినుకులకి బయల్దేరారు. మలుపు దగ్గర చెయ్యి ఎత్తారు.


జూలై 12, శనివారం

మధ్యాహ్నం పన్నెండుకి నీగాతా రేవులో హొక్కైదో ఓడ. ఎక్కి ఉంటారు. సముద్రం ప్రశాంతం అన్నారు వార్తల్లో.


జూలై 13, ఆదివారం

తెల్లారుజామునే హొక్కైదో రేవు ఒతారులో దిగి ఉంటారు.

అన్నం తిని చేతులు కడుక్కుంటుంటే అరచేతిలో 'పిల్లలు' ఇంకా కొంచెం మిగిలి ఉంది. పెయింటు అంత త్వరగా పోదు. రుద్దుతూ అనుకున్నాను, పెన్ను కుడిచేతిలో ఉంది, రాసింది ఎడమ అరచేతి మీద. మరి రెంచి ఎక్కడుంది?

కింద పెట్టి ఉంటాను. రాసి, మళ్లీ తీసుకుని, 'టక్' అనిపించి, తర్వాత గీత. అంతే కదా.

టక్ విన్నానా? పైవాటివి గుర్తున్నాయి. ఒకటి, రెండు.

ఇంకా రుద్దితే చర్మం ఎర్రబడింది.


జూలై 14, సోమవారం

స్కూలయ్యాక షాపుకి పోగానే రెంచి తీసి చూశాను, ఎవరూ చూడకుండా. దాని మీద అంకె ఎంత మీద ఆగిందో చూస్తే తెలుస్తుందనుకున్నాను. అంకె అన్నిటికన్నా కిందుంది. పనయ్యాక స్ప్రింగు సాగకుండా అంకె దించి పెట్టాలని నేనే రోజూ దించుతాను కదా. అంత జాగ్రత్తపరురాల్ని.

పని కాగితం తీశాను. అన్ని గళ్లలోనూ టిక్కులు. ఒకే సిరా, ఒకే చెయ్యి. గీత చూసే టిక్కు పెడతాను.

సుగె అన్న, "ఏంటి, కాగితంలో దెయ్యం కనపడిందా?" అన్నాడు.

"ఏం లేదన్నా."

బిగించాను. బిగించకుండా గీత ఎందుకు గీస్తాను?


జూలై 15, మంగళవారం

పదకొండో తారీకు పేజీ నాలుగుసార్లు చదివాను. ఉండల గురించి ఎన్ని వాక్యాలో. ఆకు వాసన ఉంది, లోపల ముద్ద ఎంత వెచ్చగా ఉందో ఉంది, ఎన్ని తిన్నానో ఉంది. అరచేయి ఉంది. గీత సన్నగా మొదలై సన్నగా ముగియడం ఉంది. రెంచి అన్న మాట ఆ పేజీలో ఎక్కడా లేదు.

రాయకపోయినంత మాత్రాన జరగలేదని కాదు. ఆ రోజు నేను నీళ్లు తాగానని కూడా రాయలేదు.


జూలై 16, బుధవారం

బిగించాను.


జూలై 17, గురువారం

కార్డు వచ్చింది! ఒతారు నుంచి, సోమవారం వేసింది. ముద్రలో కాలవా, దీపం స్తంభం.

"హోనామీ, రెండు కాళ్లూ నేలకి అందుతున్నాయి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా నిన్ను తలుచుకుంటున్నా. ఇక్కడ ఎదురొచ్చే ప్రతి బండివాడూ చెయ్యి ఊపుతాడు. నేనూ ఊపుతా. నాకు ఇంతమంది చుట్టాలున్నారని ఈ వయసులో తెలిసింది. గ్రిప్పులు వెచ్చగా ఉన్నాయి, జూలైలో కూడా వేసుకుంటున్నా. సుగె బాబుకి చెప్పు, నిచ్చెన అక్కర్లేకపోయిందని."

సుగె అన్న కార్డు రెండుసార్లు చదివించుకున్నాడు. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి కడుపునిండా తిన్నాను. నట్టు వదులైతే ఈపాటికి తెలిసేది కదా? ఒతారు దాకా ఓడలోనే వెళ్లారన్న సంగతి అన్నం తిన్నాక గుర్తొచ్చింది.


జూలై 18, శుక్రవారం

రెండో కార్డు. మంగళవారం వేసింది. ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నాను.

"నిన్నటి నుంచి గతుకు పడ్డప్పుడల్లా వెనకాల ఒక చిన్న చప్పుడు. టిక్కు, టిక్కు. పెట్టెలో పళ్లెం అయ్యుంటుంది. తువ్వాల్లో చుట్టాను. ఇంకా వస్తోంది. పోన్లే, ఒంటరిదాన్ని, నాతో మాట్లాడుతూ వస్తోంది అనుకుంటున్నా. శుక్రవారం సాయంత్రానికి నుపుకనై చేరతా. తర్వాత శని, ఆది, సోమవారం సెలవు, మూడు రోజులు పోస్టాఫీసు మూత. అక్కడే ఆగి వేడినీళ్ల ఊటల్లో నానతా. మంగళవారం తొమ్మిదికి కౌంటరు తెరవగానే ముద్ర. ముద్ర పడగానే, ఊరి వెనక నుంచే మొదలవుతుందట, నలభై కిలోమీటర్ల రాళ్లదారి. ఇందుకే కదా ఇంత దూరం వచ్చింది."

సుగె అన్న, "పళ్లెమే. అందరి పెట్టెల్లోనూ పళ్లాలు మోగుతాయి" అన్నాడు.

"అవునన్నా, పళ్లెమే" అన్నాను.

బాత్రూంలోకి పోయి ఆవిడ ఫోనుకి చేశాను. ఆపేసి ఉంది. నాలుగుసార్లు చేశాను.

మేస్త్రి గారు కార్డు తీసుకుని గోడకి గుచ్చారు, మూడో మేకు పక్కనే. నేను ఆయన వెనకే నించున్నాను. నోరు తెరిచాను. ఆయన వెనక్కి తిరిగి "ఏంటి?" అన్నారు.

"టీ పెట్టమంటారా?"

"ఇప్పుడేగా తాగాం."


జూలై 19, శనివారం

టపా లేదు. శనివారాలు ఉండదు.

తుక్కు సామాను దగ్గర పాత లింకు ఒకటి దొరికింది. వైస్‌లో బిగించి, అదే స్పానరుతో, అదే చేతి అంచనాతో ఉత్తుత్తి బిగింపు చేశాను. తర్వాత టార్క్ రెంచి పెట్టి ఎంత దూరం తిరుగుతుందో చూశాను. చాలా తిరిగింది. నా చేయి ఇచ్చింది ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు.

మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అంతే.

తారు మీద అయితే ఆ సగం చాన్నాళ్లు ఆగుతుంది. పెట్టెల నిండా సామాను, కింద రాళ్లు, నలభై కిలోమీటర్లు. ప్రతి రాయీ నట్టుని కొంచెం కొంచెం...

కానీ బిగించాను కదా.


జూలై 20, ఆదివారం

టపా లేదు. ఆదివారం ఉండదని తెలుసు. టపా పెట్టె మూడుసార్లు తెరిచాను.

చెప్పకపోతే, నట్టు బిగిసే ఉంటే, ఎవరికీ ఏమీ తెలీదు. ఆగస్టులో ఆవిడ వస్తారు, మేకు నాది.

చెప్తే, నట్టు బిగిసే ఉన్నా, మేస్త్రి గారు ఇంకెప్పుడూ నా గీత చూసి తల ఊపరు.

చెప్పకపోతే, నట్టు వదులుగా ఉంటే

పూర్తి చెయ్యి. మాటలంటే అంత ఇష్టం కదా నీకు. ఆ వాక్యం పూర్తి చెయ్యి.


జూలై 21, సోమవారం

సెలవు రోజు. షాపు మాత్రం తెరిచాం. చెప్పేశాను. ఎలా చెప్పానో రాస్తాను, ఈసారి ఏదీ వదలకుండా.

పదకొండు గంటలకి ఒకామె స్కూటరు తీసుకుపోవడానికి వచ్చింది, చంకలో పాప. ముందు బ్రేకు నేనే వేశాను, గురువారం. మేస్త్రి గారు వంగి టార్చి వేశారు. పసుపు గీత కనిపించింది. తల ఊపారు. తాళం ఆమె చేతిలో పెట్టబోయారు.

"ఆగండి" అన్నాను.

రెంచి తెచ్చి, అంకె పెట్టి, బ్రేకు బోల్టు మీద వేశాను. వెంటనే 'టక్' అంది. రెండోది కూడా. రెండూ బిగిసే ఉన్నాయి. ఆమె పాపని ఎక్కించుకుని వెళ్లిపోయింది. మేస్త్రి గారు కదల్లేదు.

"గీత ఉంది కదా. మళ్లీ ఎందుకు పెట్టావ్?"

"నా గీత మీద నాకు నమ్మకం లేక."

సుగె అన్న కంప్రెసరు ఆపేశాడు.

"ఒబాతా గారి బండి. వెనక లింకు, ఎడమవైపు కింది నట్టు. గీత నాదే. గీతకి ముందు రెంచి పెట్టానో లేదో గుర్తు లేదు."

"ఎప్పట్నించి?"

"పదమూడు నుంచి."

"ఇవాళ ఇరవై ఒకటి."

"అవునండి."

తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన గోడ దగ్గరికి పోయి రెండో కార్డు తీసి మళ్లీ చదివారు. 'టిక్కు, టిక్కు' దగ్గర వేలు ఆగింది.

"నేను పళ్లెమన్నాను" అన్నాడు సుగె అన్న, ఎవరూ అడక్కుండానే.

తర్వాత ఫోన్లు. ఒబాతా గారిది ఆపేసే ఉంది. నుపుకనై ఊరి ఆఫీసు మోగి మోగి ఆగిపోయింది. గుడారాలు వేసుకునే చోట్లు రెండున్నాయి, రెంటికీ ఎత్తేవాళ్లు లేరు. చివరికి అక్కడి పోలీసు చౌకీలో దొరికారు. మేస్త్రి గారు విషయం చెప్పారు. పొట్టి మనిషి, ఎత్తు బండి, పక్కన రెండు పెట్టెలు. ఆ పోలీసాయన పాపం తిరిగి చూసి నాలుగు గంటలకి ఫోన్ చేశారు. వారం చివరి సెలవులు కాబట్టి ఇరవై పైన బళ్లున్నాయట. అలాంటి మనిషి కనపడలేదట. దార్లో ప్రమాదం జరిగిన కబురు కూడా ఏదీ లేదట.

"కనపడలేదంటే?" అన్నాను.

"కనపడలేదనే" అన్నారు మేస్త్రి గారు.

"వేడినీళ్ల సత్రాలు ఆ చుట్టుపక్కల బోలెడు" అన్నాడు సుగె అన్న. "బండి షెడ్డులో పెట్టి హాయిగా నానుతూ ఉంటారు." నా మొహం చూడకుండా చెప్పాడు.

ఆవిడ ఎక్కడున్నా, రేపు తొమ్మిదికి ఎక్కడుంటారో మాత్రం మాకు తెలుసు. ముద్ర లేకుండా కదలనని ఒట్టేసుకున్న మనిషి. కౌంటరు తెరిచే వేళకి గుమ్మంలోనే ఉంటారు. ముప్ఫై నాలుగేళ్ల అలవాటు.

"పోస్టాఫీసుకి చేద్దాం" అన్నారు మేస్త్రి గారు. నేను నంబరు రాసుకున్నాను. తర్వాత, "నేను మాట్లాడతాలే" అంటారేమోనని ఎదురుచూశాను. ఆశపడ్డాను, ఎందుకు దాచాలి.

"గీత ఎవరిది?"

"నాది."

"అయితే ఫోనూ నీదే. ఏం చెప్తావో రాసుకో."

రాశాను. కాగితం నిండింది. వెనక వైపు కూడా. ఎంత బాధగా ఉందో, ఉండలు ఎంత బాగున్నాయో, ఆవిడ నవ్వడం, నేను సిగ్గుపడడం, క్షమాపణలు అన్నీ. మేస్త్రి గారు కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివారు. పెన్సిలు తీసుకున్నారు.

"ఇది ఎవరికోసం?"

"ఆవిడకి."

"ఇందులో ఆవిడ లేదు. ఆవిడ హెల్మెట్టు పెట్టుకుని, తాళం చేతిలో పట్టుకుని నించుని ఉంటుంది. కౌంటరులో మనిషి ఫోను అందిస్తాడు. మూడు ముక్కల్లో చెప్పు." కొట్టేస్తూ పోయారు. "ఉండలు తీసెయ్. వాన తీసెయ్. ఇదేంటి, 'బహుశా బిగించే ఉంటాను'?"

"బిగించే ఉండొచ్చు కదండీ. నిజంగానే."

"నీకు తెలుసా?"

"తెలీదు."

"అయితే అదే రాయి. ఆ 'బహుశా' విందంటే, పోన్లే అనుకుని బండెక్కుతుంది."

మిగిలింది ఇది:

ఎడమవైపు కింది నట్టు బిగించానో లేదో నాకు తెలీదు. పసుపు గీతని నమ్మకండి. బండిని కదిలించకండి, రెంచి వస్తుంది.

ఆ ఊళ్లో ట్రాక్టర్లు బాగుచేసే వర్క్‌షాపు ఒకటుంది, రైతు సంఘం వాళ్లది. దాని నంబరు సుగె అన్న పట్టాడు. వాళ్లూ రేపే తెరుస్తారు. ఎనిమిదిన్నరకి ఆయన వాళ్లకి చేస్తాడు, తొమ్మిదికి నేను పోస్టాఫీసుకి చేస్తాను. పది నిమిషాల దారేనట.

నా పేరు, ఫోను నంబరు, ఆ మూడు వాక్యాలు బల్ల మీద పెట్టి, మేస్త్రి గారు "చదువు" అన్నారు. చదివాను. "వినపడలేదు." మళ్లీ చదివాను. ఏడుసార్లు చదివించారు. మొదటి వాక్యం చివరికొచ్చేసరికి ప్రతిసారీ గొంతు కిందికి పోతోంది. డిక్షనరీలో ఎన్నో మాటలు నోరు తిరక్క పలికాను, ఇంత కష్టమైన మాట ఇంకోటి తగల్లేదు.

ఆరింటికి వాన మొదలైంది. నేను గొడుగు తేలేదు. పని చొక్కా విప్పి, మడిచి, సంచిలో పెట్టుకున్నాను. మేస్త్రి గారు మూలనున్న పాత గొడుగు తీసి నా చేతికిచ్చారు.

"రేపు తెచ్చి పెట్టు."

ఎక్కడ పెట్టాలో చెప్పలేదు. నేనూ అడగలేదు.

గుమ్మం దాటబోతుంటే సుగె అన్న, "ఏప్రిల్ నుంచి ఎన్ని బళ్లకి గీతలు గీశావ్?" అన్నాడు. వెటకారం కాదు, మామూలుగానే అడిగాడు. లెక్కపెట్టాను. స్కూటరు పోను పదకొండు. "ఒక్కోటీ పిలిపిద్దాం" అన్నాడు.

సెలవు కాబట్టి ఇవాళా టపా లేదు. ఆవిడ బుధవారం రాసిన కార్డు, గురువారం రాసినది, శుక్రవారం రాసినది, ఉంటే, ఎక్కడో సంచుల్లో ఉన్నాయి. రేపటి టపాలో రావచ్చు. శుక్రవారం కార్డు లేకపోతే ఏమిటన్నది ఇప్పుడు ఆలోచించను.

రేపు పొద్దున ఎనిమిదింటికే షాపులో ఉండాలి. గొడుగు మర్చిపోకూడదు. పదకొండు బళ్లు తర్వాత, టపా తర్వాత, మేకు సంగతి ఆ తర్వాత. ముందు ఫోను. తొమ్మిదికి అర నిమిషం ఉండగా నంబరు నొక్కడం మొదలుపెట్టాలి, కౌంటరు తెర లేచేసరికి మోగుతున్నది నాదే కావాలి. సుగె అన్న ఉన్నా, వీధిలో ఎవరు పోతున్నా, కాగితం మీద ఒక్కో వాక్యానికీ వేలు పెట్టి, గొంతెత్తి చదవాలి. మొదటి వాక్యం చివర గొంతు దించకూడదు. నాకు తెలీదు, అని గట్టిగా చెప్పాలి.